బడిలో బాగా చెప్పే టీచరు ట్యూషన్లో ఎందుకు తడబడతారు

మీ ప్రశ్న కుదించి చెప్పుకుంటే ఇదీ: ప్రైవేటు హైస్కూల్లో ఎనిమిదేళ్లు లెక్కలు చెప్పారు, బీఈడీ ఉంది, ఉద్యోగం మానేసి ఇప్పుడు నలుగురు పిల్లలకు వాళ్ల ఇళ్లకు వెళ్లి ట్యూషన్ చెబుతున్నారు. బడిలో చెప్పినంత శ్రద్ధగానే చెబుతున్నా మూడు నెలల్లో మార్కులు కదల్లేదు, తల్లిదండ్రులు నిలదీస్తున్నారు. టీచర్ పనికీ ట్యూటర్ పనికీ అసలు తేడా ఎక్కడుందని అడిగారు.

చిక్కంతా "బడిలో చెప్పినంత" అన్న మాటలోనే ఉందని నా అనుమానం. బడిలో మీ చేతికి ఇచ్చింది పాఠం. దాన్ని ఫలానా నెలలోపు, ఫలానా ఎఫ్ఏ (ఏడాది మధ్యలో బడి పెట్టే చిన్న పరీక్ష) లోపు నలభై మందిని వెంటబెట్టుకుని దాటించాలి. ట్యూషన్లో మీ చేతికి ఇచ్చింది ఒక పిల్ల. పాఠం ఆ పిల్లకు బడిలో ఒకసారి చెప్పేశారు, అప్పుడు అందలేదు. అదే పాఠాన్ని అదే వరసలో, కాస్త నెమ్మదిగా ఇంట్లో మళ్లీ చెబితే రెండోసారీ అందదు. ఎందుకంటే అడ్డుపడుతున్నది ఆ పాఠంలో లేదు, రెండు మూడు తరగతుల కింద ఉంది.

ముందు టీచర్ పక్షాన ఒక లెక్క వేద్దాం. పీరియడ్ 45 నిమిషాలు. హాజరు, నిన్నటి హోంవర్క్, సద్దుమణగడం పోగా 35 మిగులుతాయి. నలభై మందికి పంచితే ఒక్కొక్కరికి నిమిషం కూడా రాదు. అందుకే ఏ టీచరైనా మధ్యస్థంగా ఉన్న పిల్లలకు అందేలా చెబుతారు. ముందు బెంచీ వాళ్లు నలుగురు గట్టిగా జవాబిస్తే క్లాసుకు అర్థమైందని ముందుకు సాగుతారు. అది నిర్లక్ష్యం కాదు, నలభై మందితో మరో దారి లేదు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు 35 మందికి ఒక టీచర్ అంటుంది. 35 మందైనా లెక్క పెద్దగా మారదు.

ఎనిమిదేళ్లలో ఇక్కడ పట్టుబడిన అలవాట్లు కొన్ని ట్యూషన్లో అడ్డం తిరుగుతాయి. అన్నిటికంటే చెడ్డది ఎక్కువ మాట్లాడటం. బోర్డు ముందు 35 నిమిషాలు గలగలా చెప్పగలగడం బడిలో గొప్ప సామర్థ్యం. ఒక్క పిల్ల ముందు అదే చేస్తే ఆ పిల్ల తల ఊపుతూ కూర్చుంటుంది. గంట ట్యూషన్లో మీ మాట 20 నిమిషాలు దాటకూడదు. నమ్మకం కుదరకపోతే ఒకరోజు వాళ్ల ఇంట్లో చెప్పి, ఫోన్లో రికార్డు చేసి వినండి. అనుభవజ్ఞుల విషయంలో అది చాలాసార్లు అంతకంటే బాగా ఎక్కువే ఉంటుంది.

రెండోది "అర్థమైందా?" క్లాసులో ఇది ప్రశ్న కాదు, పేరా ముగిసిందన్న గుర్తు. అందరూ కలిసి "యెస్ మేడం" అంటారు, పని సాగుతుంది. ట్యూషన్లో ఆ పిల్ల "ఆఁ" అంటుంది, అంతే. బదులుగా "ఈ మెట్టు ఎందుకు వేశావో చెప్పు" అనండి. జవాబు సరైనదైనప్పుడు కూడా అడగండి. తప్పు చేసినప్పుడే అడిగితే, ఆ ప్రశ్న వినగానే చేసిందంతా తుడిచేస్తారు పిల్లలు.

మూడోది ఆగలేకపోవడం. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో తరగతి గదుల్ని పరిశీలించి, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే చాలు పిల్లల జవాబుల పొడవూ నాణ్యతా పెరిగాయని చూపించారు. ట్యూషన్లో మీకు క్లాసు అల్లరి భయం లేదు. లెక్క ఇచ్చాక 20, 30 సెకన్లు నోరు మూసుకుని ఉండొచ్చు. మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది, ముఖ్యంగా పక్క గదిలోంచి తల్లి వింటోందని తెలిసినప్పుడు.

నాలుగోది పెన్సిల్. పిల్ల చిక్కుకోగానే పుస్తకం మీ వైపు తిప్పుకుని మీరే రాసేస్తున్నారా? అయితే ఆ లెక్క మీరు చేసినట్టు. పెన్సిల్ పిల్ల చేతిలోంచి కదలకూడదు. చూపించి తీరాలనుకుంటే మీ దగ్గర వేరే చిత్తు పుస్తకంలో, వేరే అంకెలతో చేసి మూసేయండి. తర్వాత ఆ పిల్ల తన లెక్క తాను చేయాలి.

ఇక అసలు పని. కొత్త పిల్ల వస్తే మొదటి రెండు రోజులు పాఠం చెప్పకండి. ఇరవై, పాతిక ప్రశ్నల కాగితం తయారు చేసుకోండి. ఎనిమిదో తరగతి పిల్లకు నాలుగో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఉన్నవి వేయాలి, ఎనిమిదివి కాదు. ప్రతి ప్రశ్నకూ వచ్చే తప్పు జవాబు ఒక్కో కథ చెబుతుంది, మార్కుల సంఖ్య చెప్పదు. అందుకే ఆ కాగితానికి మార్కులు వేయకండి.

302 − 187 ఇవ్వండి. 115 రావాలి. 285 వస్తే ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తోందని అర్థం. సున్నా దాటి అప్పు తెచ్చుకోవడం రాదు. 3/4 + 2/5 కు 5/9 వస్తే లవాలు లవాలతో, హారాలు హారాలతో కలిపేస్తోంది, అంటే భిన్నం ఒకే సంఖ్య అన్న ఊహే లేదు. క.సా.గు. పద్ధతి పదిసార్లు చెప్పినా ఇది పోదు. ముందు సగం కంటే ఎక్కువా తక్కువా అన్న అంచనా నేర్పాలి: ముప్పావు ఇప్పటికే సగం దాటింది, దానికి ఇంకొంత కలిపితే 5/9, అంటే సగం కంటే రవ్వంత ఎక్కువ, ఎలా అవుతుంది? 0.45, 0.5 ల్లో పెద్దది ఏదని అడిగితే 0.45 అంటే, చుక్క తర్వాతి భాగాన్ని 45, 5 అని విడి సంఖ్యలుగా చదువుతోంది. 4.2 × 10 కు 4.20 వస్తే "పదితో గుణిస్తే సున్నా చేర్చు" అన్న మూడో తరగతి సూత్రం ఇంకా పనిచేస్తోంది.

పూర్ణసంఖ్యల దగ్గర −7 − 3 తప్పకుండా ఉండాలి. 10 వస్తే "మైనస్, మైనస్ ప్లస్" అన్న గుణకారపు సూత్రాన్ని ఇక్కడ అంటించింది. −4 వస్తే రెండు అంకెల తేడా తీసి పెద్దదాని గుర్తు పెట్టింది. రెండూ తప్పులే అయినా మందు వేరు: మొదటిదానికి ఆ సూత్రం ఎక్కడ వర్తిస్తుందో తేల్చాలి, రెండోదానికి సంఖ్యారేఖ మీద నడిపించాలి. ఏడో తరగతి బీజగణితానికి 3ఎక్స్ + 4 ఎంత అని ఊరికే అడగండి. 7ఎక్స్ అని రాస్తే "జవాబంటే ఒక్క ముక్కగా ఉండాలి" అన్న నమ్మకం ఉంది. (3 + 4)² ఎంత అని అంకెలతోనే అడగండి. 9 + 16 = 25 అని రాసిన పిల్లకు ఎనిమిదిలో (ఎ + బి)² సూత్రం బట్టీ పట్టించడం దండగ. ముందు 7² = 49 అని తనే చూసుకుని రెండు జవాబుల మధ్య 24 ఎక్కడికి పోయిందో వెతకాలి. చతురస్రం గీసి 3, 4 గా విడగొడితే రెండు 12ల దీర్ఘచతురస్రాలు కనిపిస్తాయి.

రెండు రాత లెక్కలు కూడా పెట్టి, బిగ్గరగా చదివించండి. ఇంగ్లీషు మీడియం పిల్లల్లో చాలామందికి తెగేది ఇక్కడే. లెక్క వచ్చు, వాక్యం రాదు. "ఫైవ్ లెస్ దేన్ ఎ నంబర్" అని ఉంటే మాటల వరసలోనే 5 − ఎక్స్ అని రాస్తారు. అదే ప్రశ్న తెలుగులో అడిగితే ఎక్స్ − 5 అంటారు. రెండు రాష్ట్రాల ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురుగా ఇంగ్లీషుగా వస్తున్నాయి. పిల్ల బడిలో ఏ ప్రచురణకర్త పుస్తకం నడుస్తున్నా ఒక ప్రభుత్వ పుస్తకం దగ్గర పెట్టుకుంటే ఈ పరీక్ష తేలిక.

తప్పు పరధ్యానం వల్ల వచ్చిందా, అపోహ వల్లనా అని తేల్చడానికి రెండో రోజు అంకెలు మార్చి అవే ప్రశ్నలు ఇవ్వండి. పరధ్యానం తప్పు చోటు మారుతుంది. అపోహ అదే చోట అదే రూపంలో మళ్లీ వస్తుంది. రెండోసారీ వచ్చినవే మీ పనుల జాబితా. సాధారణంగా నాలుగైదు ఉంటాయి, పదిహేను ఉండవు. ఇది తల్లిదండ్రులకు చెప్పినా ఊరట కలుగుతుంది: "లెక్కలు రావు" అన్న కొండ నాలుగైదు పేర్లున్న పనులుగా మారుతుంది.

మరి బడి ఆగదు కదా. ఈ పిల్ల భిన్నాలు సరిచేసుకునేలోపు అక్కడ ఏకచర సమీకరణాలు అయిపోయి పరీక్ష వచ్చేస్తుంది. అందుకని గంటను ఇలా కోయండి: మొదటి ఐదు నిమిషాలు పోయినసారి చేసిన రకం లెక్కలు మూడు, పుస్తకం చూడకుండా. తర్వాత 25 నిమిషాలు పాత ఖాళీ మీద, అంటే మీ జాబితాలోని ఒక అపోహ మీద. 15 నిమిషాలు బడిలో నడుస్తున్న పాఠం. పది నిమిషాలు పిల్ల ఒంటరిగా చేయాలి, మీరు పుస్తకం వైపు చూడకూడదు. చివరి ఐదు నిమిషాలు తప్పుల పుస్తకం: ఒకవైపు తను చేసిన తప్పు, ఎదురుగా అది ఎందుకు తప్పో తన మాటల్లో ఒక వాక్యం. ఎఫ్ఏ, ఎస్ఏ (టర్ము చివరి పెద్ద పరీక్ష) లకు పది రోజుల ముందు మాత్రం పాత ఖాళీల పని ఆపి పూర్తిగా బడి పాఠానికే రండి. ఆ పది రోజులూ మొండికేసి భిన్నాలే చెబితే పద్ధతి ప్రకారం మీరు రైటే, కానీ పిల్ల పరీక్ష హాల్లో ఖాళీ కాగితంతో కూర్చుంటుంది, ట్యూషన్ కూడా పోతుంది.

మీ మూడు నెలలు ఎక్కడికి పోయాయో ఊహించగలను: హోంవర్క్. పిల్ల బ్యాగ్ తెరుస్తుంది, "మేడం, ఇవి రేపటికి" అంటుంది, గంట గడిచిపోతుంది. ఇందులో కనిపించని నష్టం ఒకటుంది. మీ సాయంతో చేసిన హోంవర్క్ అన్నీ టిక్కులతో బడికి వెళుతుంది. అక్కడి టీచరు అది చూసి ఈ పిల్లకు వచ్చనుకుని ముందుకు పోతారు. నలభై మందిలో ఆ టీచరుకు ఉన్న ఒకే ఒక్క కిటికీ ఆ నోటు పుస్తకం. దాన్ని మీరు మూసేసినట్టు. హోంవర్క్‌లో పిల్ల ముందుగా సొంతంగా ప్రయత్నించి ఆగిపోయిన ఒకటి రెండు లెక్కలే, బడి పాఠానికి కేటాయించిన 15 నిమిషాల్లోనే చూడండి. సాయం చేసినదాని పక్కన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టించండి. కొందరు తల్లులు ఒప్పుకోరు, హోంవర్క్ పూర్తవ్వాలనే ట్యూషన్ పెట్టామంటారు. వాళ్లకు కావలసింది పక్కన కూర్చుని చదివించే మనిషి. అదీ అవసరమే, కానీ అది వేరే పని, వేరే రుసుము. మన ఊళ్లలో ట్యూషన్ అని పిలిచేదాంట్లో చాలా భాగం అదే: ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా పాతికమంది ఒకే హాల్లో, ఒక మేడం. అమ్మానాన్నలు రాత్రి ఎనిమిదికి గానీ ఇల్లు చేరని చోట దానికి విలువ ఉంది. అయితే దాన్నుంచి ఒంటరి ట్యూషన్ (ఒక్క పిల్లకు ఒక టీచరు) ఫలితం ఆశించకూడదు.

బడి ఇచ్చి ట్యూషన్ ఇవ్వలేనివి కూడా తెలిసి ఉండాలి. క్లాసులో ఇంకొకరు తప్పు జవాబు చెప్పినప్పుడు, అది ఎందుకు తప్పో వినే పిల్ల నేర్చుకుంటుంది. తనకు తట్టని సందేహం పక్క బెంచీవాడు అడుగుతాడు. ఒంటరి ట్యూషన్లో ఇవేవీ లేవు, పైగా ఆధారపడటం పెరుగుతుంది. ప్రతి మెట్టు రాశాక పిల్ల తల ఎత్తి మీ ముఖం చూస్తోందా గమనించండి. మీ కనుబొమ్మ కదిలితే చెరిపేస్తుంది. పరీక్ష హాల్లో ఆ ముఖం ఉండదు. ఎదురుగా కాకుండా కాస్త వెనక్కి, పక్కకు కూర్చోండి. తప్పైనా ఒప్పైనా ఒకే మాట అనండి: "సరిచూసుకో." సమీకరణం అయితే వచ్చిన విలువను తిరిగి ప్రతిక్షేపించి చూడటం, తీసివేత అయితే కూడి చూడటం పిల్ల పని. క్లాసులో ఇంకొకరు చేసే తప్పుల లోటు తీర్చడానికి, అప్పుడప్పుడు మీరే తప్పుగా చేసిన లెక్క ఒకటి ముందుపెట్టి పట్టుకోమనండి. ముగ్గురి జట్టు కుదిరితే ఇంకా మంచిది. ఒకే తరగతి వాళ్లని కాదు, ఒకే ఖాళీ ఉన్నవాళ్లని కలపాలి. ఆరో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలు ఒకే భిన్నాల దగ్గర ఆగి ఉండొచ్చు. పెద్దపిల్ల చిన్నబుచ్చుకుంటుందేమో ముందే చూసుకోండి.

పద్ధతుల తగాదా ఇంకొకటి. సమీకరణాల్లో బడి టీచరు "పక్షాంతరం చేస్తే (సమానం గుర్తుకు అవతలికి పంపితే) గుర్తు మారుతుంది" అని చెప్పి ఉంటారు. మీరు రెండు వైపులా ఒకే సంఖ్య కలపడం చెబుతారు. రెండూ ఒకటేనని మీకు తెలుసు, పిల్లకు తెలియదు. అర్థం కోసం మీ పద్ధతి వాడండి, రాత మాత్రం బడి నోట్సులో ఉన్నట్టే రాయించండి. మెట్లకు మార్కులు వేసేది అక్కడే. ఇంకా, ఆ టీచరును పిల్ల ముందు ఒక్క మాట అనకండి. అంటే మర్నాటి నుంచి క్లాసులో వినడం మానేస్తుంది. వారానికి ఐదారు పీరియడ్లు అక్కడ పోగొట్టుకుని మీ దగ్గర మూడు గంటల్లో తెచ్చుకోవడం సాధ్యం కాదు.

ఒక్క పిల్లకే విడిగా చెబితే ఎంత లాభం అన్నదానికి 1984లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ ప్రకటించిన ఫలితాన్ని అందరూ ఎత్తి చూపుతారు: ట్యూటర్ దగ్గర నేర్చుకున్న సగటు పిల్ల, మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించిపోయిందని. అందులో మరచిపోయేది ఏమిటంటే, ఆ ట్యూషన్లో తరచూ చిన్న పరీక్షలు, ప్రతి పరీక్ష తర్వాత దిద్దుబాటు, పట్టు చిక్కాకే ముందుకు వెళ్లడం కూడా కలిసి ఉన్నాయి. 2020లో 90కి పైగా ప్రయోగాలను కలిపి చూసిన సమీక్షలో లాభం నికరంగానే ఉన్నా బ్లూమ్ చెప్పినంత లేదు. సగటున అందులో ఐదో వంతుకు కొంచెం తక్కువ. శిక్షణ పొందిన టీచర్లు చెప్పినచోట, తల్లిదండ్రులో స్వచ్ఛంద సేవకులో చెప్పినచోటకంటే ఎక్కువ లాభం కనిపించింది. అంటే మీ బీఈడీ వృథా కాదు. కాకపోతే మీ ఇంట్లోనో వాళ్ల ఇంట్లోనో ఒక్క పిల్లతో కూర్చున్నంత మాత్రాన ఏదీ జరగదు. కొలిచి, దిద్ది, మళ్లీ కొలవాలి.

ఆ కొలతే తల్లిదండ్రులకు మీ జవాబు కూడా. బడికి ప్రోగ్రెస్ కార్డు ఉంది, పేరెంట్స్ మీటింగ్ ఉంది. మీకు ఏమీ లేదు, అందుకే వాళ్లు ఎఫ్ఏ మార్కులతోనే కొలుస్తారు. వారానికోసారి వాట్సాప్‌లో మూడు వాక్యాలు పంపండి: ఈ వారం ఏం చేశాం, సాయం లేకుండా ఇప్పుడు ఏది వస్తోంది, ఏది ఇంకా రాలేదు. "బాగా చదువుతోంది" లాంటి మాట రాయకండి. ఆరు వారాలకు మొదటి కాగితాన్ని అంకెలు మార్చి మళ్లీ ఇచ్చి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించండి. తప్పులు తగ్గి బడి మార్కులు కదలకపోతే లోటు వేగంలోనో, ఇంగ్లీషు చదవడంలోనో, రాత పద్ధతిలోనో ఉంది. తప్పులే తగ్గకపోతే లోటు మీ దగ్గర ఉంది, లేదా పిల్ల చూపులో ఉంది. బోర్డు మీది అంకెలు తప్పుగా దించుకునే పిల్లకు ముందు కళ్ల పరీక్ష చేయించమనండి. అంకెలు, అక్షరాలు తిరగేసి రాయడం ఎనిమిదో తరగతిలోనూ ఉంటే మీరు ప్రయోగాలు చేయకుండా నిపుణులకు చూపించమని చెప్పాలి.

చట్టం సంగతి క్లుప్తంగా. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంటుంది. మీరు ఉద్యోగం మానేశారు కాబట్టి ఇబ్బంది లేదు. పార్ట్‌టైమ్‌గా మళ్లీ ఏదైనా బడిలో చేరితే గుర్తుంచుకోండి. 2024 జనవరిలో కేంద్రం ఇచ్చిన కోచింగ్ సెంటర్ల మార్గదర్శకాలు 50 మందికి మించి చేర్చుకునే సంస్థలకు, మీలాంటి వారికి కాదు. ట్యూషన్ రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు కావాలి. నలుగురు పిల్లలతో ఆ చింత అక్కర్లేదు. బడిలో నాలుగు గోడలు, ఆయా, ప్రిన్సిపాల్ ఉంటారు, ఇంట్లో ఉండరు. హాల్లోనే కూర్చోండి, తలుపు తెరిచి ఉంచండి, పెద్దవాళ్లెవరూ లేని రోజు ట్యూషన్ రద్దు చేయండి. పిల్లకూ మీకూ ఇద్దరికీ అది రక్షణ.

డబ్బు విషయంలో నెల జీతం అలవాటున్నవాళ్లు మోసపోయేది సెలవుల దగ్గర. రుసుము నెలకు అని కాకుండా నెలకు 12 తరగతులకు అని మాట్లాడుకోండి, ముందుగా తీసుకోండి. ఉదయంలోపు చెబితే ఆ తరగతి మరోరోజుకు మారుతుంది, గంట ముందు చెబితే లెక్కలోకి వస్తుంది. దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో రాబడి పడిపోతుంది, కాబట్టి జూన్ నుంచి ఏప్రిల్ దాకా వచ్చేదాంతోనే ఏడాది లెక్క వేసుకోండి. జూన్‌లో ఎవరూ పిలవరు. మొదటి ఎఫ్ఏ మార్కులు ఇంటికి వచ్చాక ఒక విడత, సంక్రాంతి తర్వాత పదో తరగతి వాళ్ల హడావుడి ఒక విడత. ఈ రెండో విడతలో పునాదులు సరిచేస్తానని మాటివ్వకండి. మార్చి పరీక్షలకు ఎనిమిది వారాల్లో చేయగలిగేది, పిల్లకు సగం వచ్చిన అధ్యాయాలను పూర్తిగా తెచ్చుకునేలా చేయడం, అసలు రానివాటిలో ఖాయంగా మార్కులిచ్చే చిన్న ప్రశ్నలు ఏరడం. ఆ మాటే మొదటిరోజు చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోండి.

ఇప్పుడున్న నలుగురికీ వచ్చే వారమే ఆ పాతిక ప్రశ్నల కాగితం ఇవ్వండి. వాళ్లకు వారంలో మూడు రోజులైతే, ఖాళీలు పూడాక రెండు రోజులకు, తర్వాత ఒక రోజుకు తగ్గిస్తామని తల్లిదండ్రులకు ఇప్పుడే చెప్పండి. ఆ తగ్గిన రోజుల్లో కొత్త పిల్ల పడుతుంది.